నవ్వుతో దిద్దుబాటు



తప్పు దిద్దవలెనంటే మా పాస్టర్లకు తెలిసిన మార్గములు రెండే. ఒకటి ప్రకటన, రెండవది మరికొంత గట్టిగా చేసే ప్రకటన. గుమ్మము ముందు చెప్పులు వరుసగా విడువుమని ఎన్ని ఆదివారములు చెప్పామో మాకే లెక్క లేదు. అందుచేత బొగోటా నగరపు సంగతి చదివినప్పుడు కొంత సిగ్గుపడ్డాము.

కొలంబియా రాజధానియైన ఆ నగరమునకు 1995లో ఆంటానస్ మోకుస్ మేయరైనారు. ఆయన గణితము, తత్త్వశాస్త్రము ఎరిగిన ఆచార్యుడు. అక్కడ కార్లు పాదచారుల చారల మీదికే వచ్చి ఆగేవి. జనము ఎక్కడబడితే అక్కడ రోడ్డు దాటేవారు. మేయరుగారు ముఖమునకు తెల్లరంగు పూసుకొన్న మూకాభినయ నటులను కూడళ్లలో నిలిపారు. మొదట 20 మంది, తరువాత సుమారు 400 మంది. వారికి లాఠీ లేదు, జరిమానా వేసే అధికారము లేదు, నోట మాటయు లేదు. అడ్డదిడ్డముగా దాటేవాని వెనుక వాని నడకనే నడిచేవారు. చారల మీద ఆగిన కారును రెండు చేతులతో వెనుకకు నెట్టినట్టు అభినయించేవారు. చూచినవారు నవ్వేవారు, కారు వెనుకకు జరిగేది.

ఇక్కడ మాకొక సందేహము. నవ్వులపాలు చేయుటయు దండనే గదా? తరగతిలో అందరి ముందు వెక్కిరింపబడిన పిల్లవాడు దిద్దుకొనడు, బడి మానివేస్తాడు. అయితే మోకుస్ తప్పు పట్టుటతోనే ఆగలేదు. బొటనవ్రేలు పైకి, క్రిందికి ఉన్న అట్టలు 3,50,000 పంచి, మంచిగా నడుచుకొన్నవానికి మెప్పు కూడ చూపమన్నారు.

స్టాక్‌హోమ్‌లో 2009లో జరిగినది ఇంకను సున్నితమైనది. ఓడెన్‌ప్లాన్ భూగర్భ రైలు స్టేషనులో ఎస్కలేటరు ప్రక్క మెట్లను పియానో మీటలవలె చేశారు. అడుగు వేస్తే స్వరము పలికేది. మామూలుకన్నా 66 శాతము ఎక్కువమంది మెట్లెక్కారని చేయించిన ఫోక్స్‌వాగన్ వారు చెప్పారు. ఎవరినీ ఎగతాళి చేయలేదు. కాని దినదినము అవే మెట్లెక్కేవానికి ఆ స్వరము ఎన్నాళ్లు ముద్దు?

మా యౌవనులు ఇటీవల గుడి వరండాలో సుద్దముక్కతో జతలు జతలుగా పాదముల బొమ్మలు గీశారు. పిల్లలు వాటిలో చెప్పులు విడుచుటకు పోటీపడుచున్నారు. సుద్ద చెరిగినప్పుడెల్ల వారే తిరిగి గీయుచున్నారు. మొన్న ఆదివారము మా చెప్పులు గీత దాటి ఉండగా ఒక చిన్నది వ్రేలు చూపి నవ్వింది. మేమును నవ్వి, వంగి సర్దుకొన్నాము.