పురపాలక ప్రకటనలు – మన బాధ్యత
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు నేను విద్యనుగూర్చియో సంఘైక్యమునుగూర్చియో ప్రసంగింతునని పెక్కురు తలచియుందురు. ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగును సంస్కృతమును చెప్పినవానికి అట్టి విషయములే తగునని కార్యదర్శిగారును సూచించిరి. కాని నేడు నేను మాటలాడదలచినది మునిసిపాలిటీ కార్యాలయపు గోడకు వ్రేలాడు నోటీసు పలకనుగూర్చియు, లోపల బీరువాలో నుండు జనన మరణముల రిజిస్టరునుగూర్చియు. ఇది సభాగౌరవమునకు తక్కువైన విషయమని యెవరికైన తోచినచో మన్నింతురుగాక. ఈ రెంటిని నిర్లక్ష్యము చేసినందున నా చేతిమీదుగా జరిగిన తప్పొకటి కలదు. ముఖ్యముగా దానిని చెప్పుకొనుటకే వచ్చితిని.

పురపాలనము మనకు క్రొత్తది కాదు. 1909లో ఆర్. శామశాస్త్రిగారు వెలుగులోనికి దెచ్చి ముద్రింపించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున నగరపాలకుని విధులకొక ప్రకరణమే కలదు. పది గాని, యిరువది గాని, నలువది గాని కుటుంబములకు గోపుడను నధికారి యొకడుండును. ఆ యిండ్లలోని స్త్రీపురుషుల నామగోత్రములును, వృత్తులును, ఆదాయవ్యయములును వానికి తెలిసియుండవలెను. వీథిలో చెత్త పోసినవానికి పణములో ఎనిమిదవ వంతును, బురదనీరు నిలువచేసినవానికి నాలుగవ వంతును దండన. రాజమార్గమందైనచో దానికి రెట్టింపు. (ఈ దండన నేడు అమలునందున్నచో మా వీథిలో నాతోగూడ పలువురు పణములు వెదకుకొనవలసి వచ్చెడిది.) 2019 అక్టోబరు 2వ తేదీనుండి ఆంధ్రప్రదేశమున వార్డు సచివాలయము లేర్పడినప్పుడు నాకీ గోపుడే స్మరణకు వచ్చెను. ఆధునిక పద్ధతిని మన తీరమున భీమునిపట్టణమునందు 1861లోనే పురపాలక సంఘమేర్పడినది. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమునుగూర్చి తీర్మానము చేసెను. 1993 జూన్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పట్టణ సంఘములకు అప్పగింపదగిన 18 విషయములను పండ్రెండవ షెడ్యూలునందు చేర్చినది. నీరు, వీథులు, దీపములు, శ్మశానములతోపాటు జనన మరణముల లెక్కయు నందొకటి.

మా బాల్యమున పట్టణములో ఏ వార్తయైనను దండోరాతో వచ్చెడిది. సందు మొగమున టముకు మ్రోగగానే పిల్లలము పరుగెత్తెడివారము. పన్ను గడువు, మశూచి టీకాలు, చెరువు నీటి వంతు, పశువుల సంత, ఏదైనను ఆ యొక్క కంఠమే చాటెడిది. ఆ పని చేయువారిని ఊరు దూరముగానుంచి, వారి నోటి మాటను మాత్రము ఇంటిలోనికి రానిచ్చినది. ఈ యన్యాయమును మరచి దండోరాను పొగడుట నాకిష్టము లేదు. అయినను ఆ పద్ధతియం దొక గుణముండెను. అరుగుమీది ముసలమ్మ "ఏ రోజునరా నాయనా? మా వీథికి కూడానా?" యని యడిగెడిది. అతడు నిలిచి మరల చెప్పెడివాడు. వినినవారికి అర్థమైనదో లేదో చాటినవానికి తెలిసెడిది.

నోటీసు పలకను ఎవరడుగగలరు? మా కార్యాలయపు పలకకు అద్దపు తలుపును, త్రుప్పుపట్టిన తాళమును కలవు. లోపల పాత కాగితముపై క్రొత్తది, దానిపై మరియొకటి. మొదటి రెండు పంక్తులు "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా" అనుటతోనే గడచును. గడువు తేది క్రింద సన్నని యక్షరములలో నుండును. కొన్ని కేవలము ఇంగ్లీషునందే యుండును. సమాచార హక్కు చట్టము (2005) నాలుగవ విభాగము ప్రకారము కార్యాలయములు తమ సమాచారమును తామై ప్రకటింపవలెను; స్థానిక భాషను దృష్టియందుంచుకొనవలెనని అందే కలదు. అడుగువారు లేక ఆ మాట గ్రంథస్థమై నిలిచినది.

ఇప్పుడు వార్తలు చరవాణికి వచ్చుచున్నవి. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 'మన మిత్ర' యను పేర వాట్సాప్ ద్వారా 161 సేవలను ప్రారంభించినది. దీనిని నేను మెచ్చుకొందును; పన్ను కట్టుటకు వరుసలో నిలుచు బాధ నాకు తగ్గినది. కాని సర్కారు పంపునది వేరు, మనము ఒకరికొకరు త్రోయునది వేరు. క్రిందటి వేసవిలో "రేపు నీరు రాదు, గొట్టముల మరమ్మతు" అను సందేశము మా పట్టణమంతట తిరిగెను. అందు తేది లేదు. మొదటివానికి రేపు మంగళవారము. నాకు చేరునప్పటికి శుక్రవారము. మా యింటిలో గంగాళములు, బిందెలు, తుదకు పప్పుచట్టియు నింపి కూర్చుంటిమి. శనివారము నీరు యథాప్రకారము వచ్చెను. నీరు నిజముగా రాని మంగళవారమున మాత్రము మా వీథి చివరి యిండ్లవారికి చుక్కయైనను లేదు. ఏలయన వారి యిండ్లలో అట్టి చరవాణులు లేవు.

ఇక నా తప్పు.

నా జాతకచక్రము ప్రకారము నేను 1961వ సంవత్సరమున మాఘమాసములో పుట్టితిని. సర్కారు కాగితములలో 1960 జూన్ 1 అని కలదు. బడిలో వేయుటకు అయిదేండ్లు నిండలేదని మా పంతులుగారు తమ దయకొలది ఎనిమిది మాసములు ముందుకు పుట్టించిరి. అందువలన 2020 మే నెలాఖరున పదవీవిరమణ చేసితిని. శార్వరిలో పుట్టి మరల శార్వరిలోనే యింటికి చేరితినని మిత్రులు పరిహాసమాడిరి. ఎనిమిది మాసముల జీతము పోయెనని నేను పంతులుగారిని ఒకటి రెండు మారులు మనస్సులో నిందించినమాట నిజము. వారు నాకు చేసినదే నేను ఎందరు పిల్లలకు చేసితినో లెక్కలేదు. మీలో నలువది యేండ్లు దాటినవారు తమ సర్టిఫికెట్లు తీసి చూచుకొనుడు. జూన్ 1న పుట్టినవారు ఈ సభలోనే వరుసలు వరుసలుగా నుందురు.

1993 జూన్ నెలలో ఒక బండి తోలు నతడు తన కూతును చేర్చుటకు వచ్చెను. "ఎప్పుడు పుట్టినదయ్యా?" యంటిని. "వానలకాలమండి, యెనబయ్యెనిమిదిలో. వినాయకచవితికి ముందో యెనకో" అనెను. సంవత్సరమును, పండుగయు చెప్పినాడు. పంచాంగము చూచుట యెరిగినవాడను గనుక ఆ మాట పట్టుకొని తేదీకి దగ్గరగానైన పోగలవాడనే. వెనుక ముప్పదిమంది తండ్రులు నిలిచియుండిరి. 1988 జూన్ 1 అని వ్రాసి ముందుకు సాగితిని.

2016లో ఆ బాలిక యిద్దరు బిడ్డల తల్లియై నా యొద్దకు వచ్చినది. భర్త విదేశమున పనిలోనుండెను. అతనియొద్దకు పోవుటకు పేరుతో గూడిన జనన ధ్రువపత్రము కావలెననిరట. మునిసిపాలిటీలో వెదకించితిమి. దొరకినది. ఆమె పుట్టినది సర్కారు ఆసుపత్రిలో గనుక ఆసుపత్రివారు సకాలమున తెలిపియుండిరి: తలిదండ్రుల పేర్లు, వీథి, తేది అన్నియు సరిగానుండెను. ఆ తేది వినాయకచవితికి మూడు దినముల తరువాతిది. పేరుండవలసినచోట ఏమియు లేదు. 'ఆడశిశువు' అని మాత్రము కలదు. పేరు ఏడాదిలోపల రుసుము లేకయు, ఆపైన పదునైదేండ్లలోపల రుసుముతోను చేర్పించుకొనవచ్చునని నియమము కలదని ఆ తండ్రికి ఎవ్వరును చెప్పలేదు. ఆ పదునైదేండ్లును ఎన్నడో గడచిపోయినవి. పదవ తరగతి సర్టిఫికెటులో నా జూన్ 1 స్థిరపడియుండెను.

"మీరు రాసిందే కదండీ మాస్టారూ, మీరే మార్చెయ్యండి" అనెను. ఆమె కంఠమున నింద లేదు. ప్రధానోపాధ్యాయునికి అది చేతనగునని నిజముగా నమ్మినది. పదవ తరగతి దాటిన పిమ్మట ఆ తేదిని తాకుటకు నాకధికారము లేదని చెప్పుట నాకు మిక్కిలి కష్టమైనది. మా బడికిని ఆ కార్యాలయమునకును నడుమ ఒక్క వీథి. ఇరువదిమూడేండ్లు ఆ తేది ఆ బీరువాలో నుండగా, ప్రతిదినము దాని ముందునుండి నడచి బడికి పోయినవాడను. ప్రమాణపత్రములు, అర్జీలు, చిన్నబిడ్డ నెత్తుకొని ఆమె తిరుగుడు – అంతయు ముగియుటకు ఏడాదిన్నర పట్టెను. అప్పటికి భర్త అచ్చటి పని ముగించుకొని తిరిగి వచ్చెను. సంపాదించిన పత్రమును ఆమె నాకు చూపించి పోయినది. దానితో ఆమెకు పని లేకపోయెను.

నాడు సర్దుబాటుగా జరిగినది ఇకమీదట జరుగదు. 1969 నాటి జనన మరణముల రిజిస్ట్రేషను చట్టమును 2023లో సవరించిరి. ఆ సంవత్సరము అక్టోబరు 1న గాని, ఆ తరువాత గాని పుట్టిన బిడ్డకు బడి ప్రవేశమునకును, వోటర్ల జాబితాకును, వివాహ రిజిస్ట్రేషనునకును, సర్కారు కొలువునకును పుట్టినతేదికి ఈ ధ్రువపత్రమే ఆధారము. ఆ బిడ్డలు 2028, 2029లలో బడికి వత్తురు. అప్పటి పంతులుగారికి జూన్ 1 వ్రాయు వీలు లేదు. పుట్టిన 21 దినములలోపల తెలియజేయవలెను. ఆపైన 30 దినములవరకు ఆలస్యపు రుసుము; ఏడాదివరకు జిల్లా రిజిస్ట్రారు అనుమతి; ఏడాది దాటెనా, మేజిస్ట్రేటు ఉత్తర్వు. ఆసుపత్రిలో పుట్టినచో తెలుపు భారము ఆసుపత్రివారిది, ఇంటిలోనైన గృహయజమానిది. పేరు చేర్పించుట మాత్రము ఎచ్చట పుట్టినను మనమే చేయవలసిన పని. బారసాలనాడు బియ్యములో వ్రాసిన పేరు రిజిస్టరులోనికి తానై నడచిపోదు.

మరణమునకును ఇవే గడువులు. ఇంటిలో కన్నుమూసినవారి విషయమున మనము మిక్కిలి ఏమరుపాటుగా నున్నాము. కర్మకాండకు పదమూడు దినములు లెక్క తప్పకుండ జరిపింతుము; ఇరువదియొకటవ దినము ఎవరికిని జ్ఞప్తికి రాదు. రెండేండ్ల పిమ్మట వితంతువు పింఛనుకొరకో, యిల్లు తన పేర మార్పించుకొనుటకో పోయినప్పుడు కాగితమేదని యడుగుదురు. ఇంటిపన్ను సంగతియు నిట్టిదే. మా రాష్ట్రమున తొలి అర్ధసంవత్సరపు పన్ను జూన్ 30లోపల, రెండవది డిసెంబరు 31లోపల కట్టనిచో నెలకు రెండు రూపాయల చొప్పున నూటికి వడ్డీ పెరుగును. గడువు తెలియనివారే ఆ వడ్డీ కట్టుచున్నారు.

కావున నా ప్రార్థన యిది. మన సంఘభవనపు వీథివైపు గోడకు ఒక నల్లబల్ల పెట్టింపుడు. మునిసిపాలిటీవారి ప్రకటనలను పెద్దయక్షరములతో, వాడుక తెలుగులో, తేదియు వారమును వేసి అందు వ్రాయవలెను. లోపలి గోడకు వలదు. కుళాయి నీటికి కులము లేదు గనుక దారినిపోవు ప్రతివారును చదువుకొనవలెను. చదువ రానివారికి చదివి వినిపించుటకు సాయంకాలము ఒకరు కూర్చుండవలెను. అడిగినచో మరల చెప్పవలెను. కార్యాలయమువారు చెప్పని సంగతిని పది రూపాయల రుసుముతో సమాచార హక్కు అర్జీ పెట్టి 30 దినములలో రాబట్టవచ్చును. ఆ యర్జీలు వ్రాయు పని నేను చేసెదను. విశ్రాంత పండితునికి సమయమునకు కొదువలేదు. ఖర్చు సుద్దముక్కల మాత్రమే. ఆ సుద్దయు నేనే తెత్తును, ఆ యలవాటు నాకింకను పోలేదు.

మధ్యాహ్న భోజనానంతరము తూర్పు వాకిటియొద్ద ఒక నోటుపుస్తకముతో కూర్చుందును. ఇంటిలో ఏడాది నిండని శిశువున్నవారు బిడ్డ పుట్టిన తేదియు, పెట్టిన పేరును, వార్డునంబరును చెప్పిపొండు. తేది తెలియదు, పండుగ మాత్రమే జ్ఞాపకమున్నదందురా, చెప్పుడు. ఈ మారు పంచాంగము వెంట తెచ్చితిని.