మన లెక్క మనమే రాద్దాం



డేటా సైన్స్ పేరు విని బెదరకండి. జాగ్రత్తగా రాసిన లెక్కల్లోంచి దారి వెతకడమే అది. 2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 30 ఏళ్ల వాతావరణ లెక్కలు చూసి, ఎప్పుడు విత్తాలో 175 మంది వేరుశనగ రైతులకు తెలుగులో మెసేజీలు పంపాయి. సగటున 30 శాతం దిగుబడి పెరిగింది. రైతుకు మామూలు ఫోనే చాలింది.

మన ఉదయగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు చేటు. మీ కాలనీ బోరులో ఎంతుందో, ఎండాకాలంలో ఎంత పెరుగుతుందో రాసిపెట్టారా? ఆత్మకూరు, నెల్లూరు కాలేజీల్లో చదివే మీరు దాన్నే ప్రాజెక్టుగా తీసుకోండి. లెక్క చేతిలో ఉంటే అర్జీకి బలం వస్తుంది. నీటి పరీక్ష, ఫిల్టర్ల మరమ్మతు రేపు మీకు సొంత ఉపాధి కూడా కావచ్చు.

ఒక్క జాగ్రత్త. బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం కింద మనవాళ్ల పేర్లు రాసుకుని పోలీసు హాజరు వేయించారు. అదీ లెక్కే, కానీ కలం వాళ్లది. అందుకే ఇంటివాళ్లకు విషయం చెప్పి, ఒప్పుకుంటేనే రాయండి. పేర్లు, ఆధార్ నంబర్లు బయటికి ఇవ్వకండి.

ఈసారి కలం మనది. సెలవు.