చేపల చెరువుకే కాదు, బిడ్డ చదువుకీ కాపలా కాయాలి
(కొల్లేరు లంక గ్రామాల్లో హైస్కూలు పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మాకు అక్షరమ్ముక్క రాదు. హైస్కూలు పిల్లోడి హోంవర్క్ మేమేం చూస్తాం?" ఏ పేటకెళ్ళినా ఇదే మాట. ఈ మాటకే ఇవాళ జవాబు చెప్పుకుందాం.

ఊళ్ళో రైతుగారబ్బాయీ, మన పేట అబ్బాయీ ఒకే బెంచీ మీద కూర్చున్నా, బడి గంట కొట్టాక తేడా మొదలవుతుంది. ఆ ఇంట్లో చదువుకున్న తండ్రి, ట్యూషన్, విడిగా ఓ గది. మనింట్లో అమ్మ నాట్లేసి నడుం విరిగి వస్తుంది, నాన్న చేపల చెరువు గట్టు మీద కాపలాకి పోతాడు. అంటే హోంవర్క్ పిల్లోడి తెలివికి పరీక్ష కాదు, ఇంటి కలిమికి పరీక్ష. అది తెలుసుకోకుండా "మావోడికి బుర్ర లేదు" అని మనమే తీర్పు చెప్పేస్తున్నాం!

చదువు లేకపోతే ఏం పోయిందో కొల్లేరుకి తెలుసు. 1970లలో మత్స్యకారుల పేర, దళితుల పేర సహకార సంఘాలు పెట్టి చేపల చెరువులిచ్చారు. తర్వాత వాటిలో చాలా చెరువులు లీజుల పేరుతో పెట్టుబడిదారుల చేతికి పోయాయి. కాగితం మీద సంఘం మనది, చెరువులో చేప వాళ్ళది! ఆ కాగితంలో ఏముందో చదవలేని చోటే వేలిముద్ర పడుతుంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టేసినప్పుడు కూలి పోయింది మనకే. చెరువుని లీజుకి లాక్కోవచ్చు, గట్టుని పొక్లెయిన్‌తో కొట్టొచ్చు. బిడ్డ బుర్రలోకి ఎక్కిన చదువుని ఎవడూ కొట్టలేడు.

బాబాసాహెబ్ చదువు సంగతి వినండి. బొంబాయి పరేల్‌లో కూలీలుండే చాల్‌లో ఒకే ఒక్క గది. ఇంటిల్లిపాదీ అందులోనే. తండ్రి రాంజీ బిడ్డని పెందలాడే పడుకోబెట్టి, రాత్రి రెండు గంటలకి లేపి చదవమని కూర్చోబెట్టేవాడు. పుస్తకాలకి డబ్బు లేకపోతే పెళ్ళయిన కూతుళ్ళ నగలు అడిగి తెచ్చి తాకట్టు పెట్టేవాడు. 1907లో ఆ బిడ్డ మెట్రిక్ పాసయ్యాడు. "రాంజీకి చదువొచ్చు, మాకు రాదు" అంటారా? నిజమే. కానీ అమ్మా, బిడ్డని నిద్ర లేపడానికి అక్షరాలు కావాలా?

ఇక మనం చేయగలిగిన పనులు చెప్పుకుందాం.

ఒకటి, వేళ. ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఇంట్లో టీవీ కట్టాలి, సెల్‌ఫోను పక్కన పెట్టాలి. ముందు పెద్దవాళ్ళు కట్టాలి! ఆ వేళలో ఆడపిల్లకి అంట్లు, చంటిబిడ్డ అప్పజెప్పొద్దు. అన్న కూడా అంట్లు తోమగలడు.

రెండు, చెప్పించుకోవడం. "ఇవాళ పాఠం నాకు చెప్పు" అనండి. ఇంగ్లీషు మీడియం అయితే తెలుగులో చెప్పమనండి. మీకు అర్థమయ్యేలా చెప్పాడంటే వాడికి వచ్చినట్టు. నీళ్ళు నమిలాడంటే గైడు చూసి ఎక్కించాడన్నమాట. అప్పుడు కొట్టొద్దు. ఎక్కడ ఆగాడో అక్కడ గుర్తు పెట్టించి, పొద్దున్నే మేష్టారిని అడగమని పంపండి.

మూడు, నోటుబుక్కు. వారానికోసారి తిరగేయండి. ఎర్ర సిరా కనపడని పేజీలు వరసగా ఉంటే అది దిద్దలేదని అర్థం. ఎందుకు దిద్దలేదో బడికెళ్ళి మర్యాదగానే అడగండి, కానీ అడగండి!

నాలుగు, లెక్కలు. పదివేలు అప్పు, నెలకి నూటికి మూడు రూపాయల వడ్డీ. బిడ్డనే లెక్క కట్టమనండి. నెలకి 300, ఏడాదికి 3,600. అంటే ఏడాదికి నూటికి 36! హైస్కూలు పుస్తకంలో బారువడ్డీ అంటే ఇదే. మీ కూలి బాకీ కూడా వాడి చేతే రాయించండి. హోంవర్క్ ఇంటికి పనికొస్తుందని వాడికీ తెలుస్తుంది.

అయిదు, బడి మాన్పించొద్దు. చేపల పట్టుబడికి రాత్రి మనిషి తక్కువైతే పిల్లోడిని తీసుకుపోతున్నాం. తెల్లారి వాడు బళ్ళో నిద్రపోతాడు. నాలుగు రాత్రులు పోతే నాలుగు పాఠాలు పోతాయి. పదో తరగతి పరీక్షలో ఆ పాఠాలే ఎదురొస్తాయి.

యువకులారా, ఇక మీ పని. ఇంటర్, డిగ్రీ చదివినవాళ్ళు వంతులేసుకుని పేటలో కమ్యూనిటీ హాలో, చర్చి అరుగో చూసి సాయంత్రం బడి పెట్టండి. ఇల్లు ఇరుకైన పిల్లలకి అదే గది. వరదొచ్చి దారి మునిగినప్పుడు అదే బడి.

చట్టం కూడా మన వైపు ఉంది. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులమంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళుండాలి. అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకి వాళ్ళ సంఖ్యని బట్టి చోటివ్వాలి. ఆ మీటింగుకి పోయి, పుస్తకం మీద సంతకం పెట్టి తిరిగొచ్చేయొద్దు. సైన్సు మేష్టారు లేకపోతే లేరని చెప్పి, రాయించి రండి.

ఆసామి చేప పోకుండా రాత్రంతా టార్చిలైటు పట్టుకుని కాపలా కాస్తున్నాం. మన బిడ్డ చదువు పోకుండా గంటన్నర కాపలా కాయలేమా? ఈ రాత్రి నుంచే మొదలెట్టండి. వచ్చే సమావేశంలో ఏ ఇంట్లో ఎన్ని రాత్రులు సాగిందో అమ్మలే లేచి చెప్పాలి.

జై భీమ్!