లినక్సు స్థాపనము

2025 అక్టోబరులో విండోస్ 10కు సాధారణ రక్షణ సవరణలు నిలిచిపోగా, జుక్కల్ గ్రామమున నున్న నా పాత కంప్యూటరులో లినక్సును స్థాపింప నిశ్చయించితిని. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన దిది.

పెన్‌డ్రైవులోనికి దస్త్రము నూరక నకలు చేసిన చాలదు. యంత్రము మేల్కొనునప్పుడే చదువగలుగునట్లు ప్రత్యేకముగా వ్రాయవలయును. అప్పు డందలి పాతవి నశించును. మనుమ డట్లు వ్రాసియిచ్చెను. దానినుండి యంత్రమును మేల్కొలిపి, స్థాపింపకయే తెరను, ధ్వనిని, తెలుగు లిపిని పరీక్షించితిమి.

పిదప 'డిస్కు నంతయు తుడిచివేయుదునా?' యని ప్రశ్న వచ్చెను. నా చేయి యాగెను. తెలుగు, కన్నడము, మరాఠీ కలిసిన మన సరిహద్దు సామెతలు, నేను సేకరించినవన్నియు, అందే యున్నవి. వేఱు ప్రతి లేదు.

"తాతా, వెనుకకు పోదము" అనెను మనుమడు. లినక్సునుండియే డిస్కు తెఱచి, వానిని వేఱొక పెన్‌డ్రైవున కెక్కించి, ఒక్కొక్కటే చదివి చూచుకొంటిని. తెల్లవాఱినది. అప్పుడు సమ్మతి నొత్తితిని.