టర్న్‌టేబుల్ ఎంపిక – సమీక్షలను ఎంతవరకు నమ్మాలి?

(సభ్యుల మాసిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది ఇళ్లలో పాత రికార్డులు అటక మీద ఉన్నాయి. ప్లేయర్లు ఎప్పుడో మూలపడ్డాయి. ఇప్పుడు పిల్లలు మంచి టర్న్‌టేబుల్ కొనిపెడతామంటున్నారు, లేదా మనమే గ్రాట్యుటీ సొమ్ములోంచి కొనుక్కోవాలని ఉబలాటపడుతున్నాం. మొన్న రిటైరయిన మిత్రులొకరు రెండు లక్షలకు సిద్ధపడి, ఒక ఇంగ్లీషు సమీక్ష నాకు తెచ్చి చూపించారు. నాలుగు పేజీలు. సంగీతం ఊపిరి పీల్చుకుంటోందనీ, గాయని ఎదుట వచ్చి నిలిచిందనీ ఉంది. ఏ కార్ట్రిడ్జి బిగించారు, ముల్లు మీద ఎంత బరువు పెట్టారు, ఏ యంత్రంతో పోల్చారు అన్నది మాత్రం లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లు చూసినవాణ్ణి, జతపరచవలసిన కాగితాలు లేని ఫైలు పైకి పంపితే ఏమవుతుందో నాకు తెలుసు.

యంత్రం చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. పళ్లెం నిమిషానికి 33⅓ చుట్లు నిలకడగా తిరగాలి, తిరుగుతూ తన కదలికను ముల్లుకు అంటించకూడదు. దీనికి మూడు దారులున్నాయి. 1954 నాటి ఇంగ్లండు గారార్డ్ 301లో మోటారు ఒక రబ్బరు చక్రాన్ని, ఆ చక్రం పళ్లేన్ని తిప్పుతాయి. బలమైన పద్ధతే గాని మోటారు గరగర లోపలికి రాకుండా చూసుకోవాలి. స్కాట్లండు లిన్ వారి ఎల్.పి. 12లో రబ్బరు బెల్టు తిప్పుతుంది, పళ్లెం స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది. 1970ల మొదట్లో వచ్చిన ఈ యంత్రం ఇప్పటికీ తయారవుతోంది. మూడోది జపాను టెక్నిక్స్ వారిది. 1970లో వారు తెచ్చిన ఎస్.పి. 10లో మోటారే నేరుగా పళ్లేన్ని తిప్పుతుంది. 1979 నాటి ఎస్.ఎల్. 1200 మార్క్ 2 ఆ కుటుంబంలోదే. 2010లో ఆ వరుస ఆపేసి, 2016లో మళ్లీ మొదలుపెట్టారు.

అంకెలుంటే చాలు, నమ్మవచ్చు అనేవారికి ఈ మార్క్ 2 కరపత్రమే ఉదాహరణ. వేగంలో హెచ్చుతగ్గుల శాతం అందులో మూడు రకాలుగా ఉంటుంది. 0.01, 0.025, 0.035. మూడూ నిజమే. మొదటిది తిరిగే భాగానికి మాత్రమే, తక్కిన రెండూ వేర్వేరు ప్రమాణాల ప్రకారం కొలిచినవి. ఒక కంపెనీ మొదటి పద్ధతి అంకెనూ, మరొకటి మూడో పద్ధతి అంకెనూ అచ్చువేస్తే, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడం మైళ్లనూ కిలోమీటర్లనూ కూడి టి.ఏ. బిల్లు వేయడం వంటిది.

ఇక చెవితో పోల్చే సమీక్షలు. మూడు కొటేషన్లు తెప్పించి కంపారిటివ్ స్టేట్‌మెంటు వేసేటప్పుడు సరుకు ఒకటే ఉండాలి కదా. ఇక్కడ ఒక టర్న్‌టేబుల్‌కు ఒక టోన్ ఆర్మ్, రెండోదానికి వేరే ఆర్మ్, వేరే కార్ట్రిడ్జి. ఒక రకం కార్ట్రిడ్జి 5 మిల్లీవోల్టులిస్తే మరో రకం అరమిల్లీవోల్టు కూడా ఇవ్వదు. ధ్వని స్థాయిని మీటరుతో సమం చేయకపోతే, కాస్త గట్టిగా మోగిందే బాగున్నట్టు తోస్తుంది. మెచ్చుకున్నది పళ్లేన్నా, ముల్లునా, వాల్యూమునా? పైగా యంత్రం కంపెనీవారే అరువిస్తారు, అదే సంచికలో వారి ప్రకటన ఉంటుంది. సమీక్షకులందరూ అమ్ముడుపోయారని నేననను. చాలామంది నిజాయితీగానే వింటారు. కాని పేరూ ధరా తెలిసి వినడం వేరు, తెలియకుండా వినడం వేరు.

1984లో ఈ పరీక్ష జరిగింది. లిన్ సంస్థాపకుడు ఐవర్ టీఫెన్‌బ్రన్ డిజిటల్ ధ్వనిని గట్టిగా వ్యతిరేకించినవారు. ఎల్.పి. 12 నుంచి వచ్చే ధ్వనిని ఒకసారి నేరుగా, ఒకసారి సోనీ పి.సి.ఎం.–ఎఫ్ 1 అనే డిజిటల్ యంత్రం గుండా పంపి, ఏది ఏదో చెప్పమన్నారు. ఊహించి చెప్పేదానికన్నా మెరుగైన ఫలితం రాలేదు. పరీక్షకు కూర్చున్నందుకు ఆయన్ను మెచ్చుకోవాలి. అలా కూర్చునేవారు అరుదు.

2022లో మరింత పెద్ద సంగతి బయటపడింది. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ ఖరీదైన రికార్డులు వేస్తుంది, కొన్ని 125 డాలర్లు. అసలు టేపు నుంచి పూర్తి అనలాగ్ పద్ధతిలో చేసినవని కొనేవారు నమ్మారు. వాటిలో చాలావాటికి 2011 నుంచీ మధ్యలో డిజిటల్ మెట్టు ఉన్నదని తేలింది. బయటపెట్టింది ఫీనిక్స్‌లోని ఒక రికార్డుల దుకాణందారు. లక్షల విలువైన టర్న్‌టేబుళ్ల మీద వాటిని విని పొగిడిన సమీక్షకులు కాదు! వ్యవహారం కోర్టుకెక్కి రాజీ అయింది. రికార్డులు బాగా మోగలేదని ఎవరూ అనలేదు సుమా. ఇన్నేళ్లూ చెవితోనే కనిపెట్టగలమన్నవారి మాటే నిలవలేదు.

అలాగని సమీక్షలు చదవవద్దనను. కొలతలు, కొలిచిన పద్ధతి రెండూ ఇచ్చినవాటిని చదవండి. రికార్డు చివరి పాట ఎలా మోగిందో రాశారా చూడండి. ముల్లు కింద గాడి అంచు దగ్గర సెకనుకు 50 సెంటీమీటర్లు పరుగెడితే లోపలి చుట్టు దగ్గర సుమారు 21 మాత్రమే, కనుక బిగింపులో లోపం అక్కడే బయటపడుతుంది. ఆ బిగింపు సరిగ్గా చేసి ఇచ్చే మనిషి మీ ఊళ్లో ఉన్నాడా అన్నది ఏ విదేశీ సమీక్షా చెప్పదు. నా మట్టుకు నేను ధరకన్నా ముందు అదే అడుగుతాను.

మన దగ్గర పోగొట్టుకోకూడనిది యంత్రం కాదు, రికార్డు. పెట్టెలా మడిచే చవక ప్లేయర్లలో ముల్లు 5 గ్రాముల దాకా నొక్కుతుంది. మంచి కార్ట్రిడ్జికి రెండు గ్రాములు చాలు. పదే పదే వేస్తే గాడి అరిగిపోతుంది, కొన్ని రికార్డులు మళ్లీ దొరకవు. లక్క రికార్డులున్నవారు మరీ జాగ్రత్త పడాలి. వాటి గాడి వెడల్పు, ముల్లు కొన సుమారు 3 మిల్స్ ఉండాలి. ఎల్.పి. ముల్లు ఒక మిల్ లోపే ఉంటుంది, అది గాడి అడుగుకు దిగి దుమ్ములో గీసుకుంటుంది. 78 వేగం కూడా అన్ని టర్న్‌టేబుళ్లలో ఉండదు. నేను చెప్పిన మార్క్ 2లో లేదు, 2016 తర్వాతి ఎస్.ఎల్. 1200 జి.లో ఉంది.

రెండు లక్షల మిత్రుల దగ్గర ఇరవై దాకా లక్క రికార్డులున్నాయి. వారు మెచ్చిన యంత్రానికి 78 వేగం ఉన్నదా, వేరే ముల్లు దొరుకుతుందా అని దుకాణానికి ఇద్దరం కలిసి ఉత్తరం రాశాం. జవాబు ఇంకా రాలేదు.