చేతిలోని ఫోను, గోడలోని రాయి

(మస్జిద్, ఖబ్రస్తాన్ కమిటీల యువకుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఫోటోగ్రాఫర్లము కాము. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్ల మధ్య గడిపినవారము. అయినా సెల్‌ఫోను ఫోటోల గురించి మాట్లాడటానికి సాహసించడానికి కారణం, మా చేతులతో మేము చేసుకున్న ఒక నష్టం.

మా ఊరి ఖబ్రస్తాన్ ద్వారం పక్క గోడలో ఒక రాతిపలక ఉండేది. భూమిని వక్ఫ్ చేసిన దాత పేరు, హిజ్రీ సంవత్సరం, విస్తీర్ణం దానిపై ఉర్దూలో చెక్కబడి ఉండేవి. కొన్నేళ్ల కిందట ఒక మధ్యాహ్నం మా కమిటీ యువకుడు దానిని ఫోటో తీశాడు. అందంగా కనిపించాలని మెరుగులు దిద్ది వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందరమూ ‘మాషా అల్లాహ్’ అన్నాము. ఫోనులో చోటు చాలక అతడు అసలు ఫోటోను తీసివేశాడు. మరుసటి ఏడాది గోడకు మరమ్మతు చేయించినప్పుడు మేస్త్రీ ఆ పలక మీదుగా సిమెంటు పూసేశాడు. పక్కనే నిలబడి పని చేయించినది మేమే.

తరువాత హద్దుల వివాదం వచ్చింది. విచారణలో మేము చూపగలిగినది గ్రూపులో మిగిలిన ఆ ఒక్క ఫోటోయే. ఉర్దూ అంకెలలో రెండుకూ మూడుకూ ఒక్క పంటి గీత మాత్రమే తేడా. ఆ ఫోటోలో ఉన్నది రెండెకరాలో మూడెకరాలో ఎవరికీ తేలలేదు. ఎప్పుడు తీశారు, ఎవరు తీశారు అని అధికారి అడిగిన ప్రశ్న న్యాయమైనదే. మా వద్ద జవాబు లేదు. ఆ ఎకరం సంగతి నేటికీ తేలలేదు.

కాబట్టి మొదట వెలుతురు గురించి చెబుతాము. ఎండ రాతికి నేరుగా ఎదురుగా పడితే అక్షరాల లోతును మింగేస్తుంది. ఎండ పక్క నుండి ఏటవాలుగా పడినప్పుడు ప్రతి గాడిలోనూ నీడ నిలిచి అక్షరం లేచి కనిపిస్తుంది. ఎండ పడని గోడ అయితే ఒకరు టార్చి పట్టుకుని పక్క నుండి వెలుగు వేయాలి. ఫోను ఫ్లాష్ వాడరాదు. అది ఎదురు ఎండ చేసే పనే చేస్తుంది. లెన్సును మెత్తని బట్టతో తుడవండి. జేబులో తిరిగే ఫోను అద్దంపై వేలిముద్రల జిడ్డు లేని రోజు ఉండదు. తెరపై వేళ్లు చాపి బొమ్మను దగ్గరకు లాగవద్దు, మీరే దగ్గరకు నడవండి. పలక పక్కన కొలబద్ద ఉంచండి. ఒక్క ఫోటోతో సరిపెట్టవద్దు: ద్వారం, వీధి కలిసి కనిపించేలా ఒకటి, గోడతో పాటు పలక ఒకటి, అక్షరాలు మాత్రమే నిండేలా కొన్ని. కెమెరా సెట్టింగులలో లొకేషన్ ఆన్ చేస్తే ఫోటోలోనే స్థలం, తేదీ, సమయం నమోదవుతాయి.

ముంతఖబ్, పహాణీ వంటి పాత కాగితాలను కిటికీ దగ్గర నేలపై పరచి, ఫోనును కాగితానికి సమాంతరంగా పట్టి తీయాలి. స్కానర్ యాప్‌లు కాగితాన్ని తెలుపు, నలుపుగా మార్చినప్పుడు వెలిసిపోయిన ముద్రలు మాయమవుతాయి. రంగులోనే ఉంచండి. వెనుక పేజీ మరువవద్దు. కార్యాలయాలలో అసలు ఉత్తర్వు ముందు పేజీలో, దానిని మార్చిన సంతకం వెనుక పేజీలో ఉండటం మేము ఎన్నోసార్లు చూశాము.

ఇక దిద్దుబాటు. దీనిపైనే మాకు ఎక్కువ భయం. వంకరను సరిచేయడం, అంచులు కత్తిరించడం, వెలుతురు పెంచడం తప్పు కాదు, అయితే అది నకలు ప్రతిపైనే జరగాలి. కార్యాలయంలో అసలు కాగితంపై ఎవరైనా కలం పెడతారా? కృత్రిమ మేధతో ఫోటోను స్పష్టం చేసే యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు. అవి మసకగా ఉన్నదానిని చదవవు, ఊహించి గీస్తాయి. 2023లో ఒక పేరుపొందిన కంపెనీ ఫోనుపై చర్చ జరిగింది. కావాలని మసకబరచిన చంద్రబింబాన్ని కంప్యూటరు తెరపై ఉంచి ఫోటో తీస్తే, అందులో లేని మచ్చలను ఆ ఫోను తానే చేర్చినట్లు ఒకరు ప్రయోగం చేసి చూపారు. (నెలవంక ఫోటోలు పంపే సోదరులు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.) చంద్రునికే మచ్చలు పెట్టగలిగినది మన రాతిపై చుక్క పెట్టలేదా? పదం నడుమ చుక్క కింద ఉంటే ‘బే’, పైన ఉంటే ‘నూన్’, పైన రెండుంటే ‘తే’. ఒక్క చుక్కతో దాత పేరే మారిపోతుంది.

పంపే పద్ధతి కూడా ముఖ్యమే. వాట్సాప్‌లో మామూలుగా ఫోటోగా పంపితే పరిమాణం తగ్గిపోతుంది, లోపలి స్థలం, సమయం వివరాలు తొలగిపోతాయి. అదే ఫోటోను ‘డాక్యుమెంట్’గా పంపితే ఉన్నది ఉన్నట్లు చేరుతుంది. ఒక ప్రతి గూగుల్ డ్రైవ్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో ముతవల్లీ వద్ద ఉండాలి. ఎవరు, ఎప్పుడు, ఏ ఫోనుతో తీశారో ఒక రిజిస్టరులో రాయండి. ఇది గుమాస్తా చాదస్తం అనుకోవద్దు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు, దానిని ఏ పరికరం నుండి తెచ్చారో తెలిపే ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో ‘హ్యాష్’ విలువ కూడా ఉండాలి. అది ఆ ఫైలుకు వేలిముద్ర వంటిది, ఒక్క చుక్క మారినా మారిపోతుంది.

ఒక విజ్ఞప్తి. ఆక్రమణ ఫోటోలను ఊరి గ్రూపులలో పెట్టవద్దు. పక్క ఇంటివారి ముఖాలు, జియారత్‌కు వచ్చిన స్త్రీలు అందులో పడతారు. పైగా కాగితంతో తేలవలసిన తగవు వీధికెక్కుతుంది. ముందు కమిటీకి, తరువాత వక్ఫ్ బోర్డుకు, అవసరమైతే న్యాయవాదికి ఇవ్వండి.

చిత్రాల విషయంలో ఉలమాల మధ్య ఉన్న భిన్నాభిప్రాయాలు మేము ఎరుగుదుము. వారి అభ్యంతరం ప్రాణుల చిత్రాల గురించే. రాయికీ, కాగితానికీ అది వర్తించదు.

ఈ సాయంత్రం అసర్ తరువాత మనమందరం ఇక్కడి పాత ఖబ్రస్తాన్‌కు వెళుతున్నాము. ఉత్తరపు గోడలో రెండు పలకలు ఉన్నాయి, ఒకదానిపై సున్నం పట్టింది. గోకవద్దు, మెత్తని బ్రష్షు మేము తెస్తున్నాము. ఫోనులు పూర్తిగా చార్జి చేసుకుని రండి.