పట్నములో గూడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన గురుభక్తకొండపై బౌద్ధభిక్షువులు నివసించిన విహారముల శిథిలములు నేటికిని కానవచ్చుచున్నవి. సర్వమును విడిచినవారికి సైతము తలదాచుకొనుటకు ఒక గది కావలసినది. ఇక, ఆలుబిడ్డలతో కూలికై విశాఖపట్నము పోవు మనవారి సంగతి వేరుగ చెప్పవలెనా?

విశాఖకు 1933లో ఓడరేవు వచ్చినది. 1941లో ఓడల కర్మాగారమునకు పునాది పడినది. 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితమైనది. పని వెంట జనము, జనము వెంట పూరిపాకల పేటలు పెరిగినవి. 1988 మొదలు 1996 వరకు బ్రిటిషు ప్రభుత్వ సహాయముతో ఆ పేటల బాగుకై ఒక పథకము నడచినది. ఆ పేటల బ్రతుకును పరిశీలించిన పండితులలో బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయమునకు చెందిన ఫిలిప్ ఏమిస్ ఒకరు.

అంతకు ముందే ఆయన ఆఫ్రికాలోని నైరోబీ నగరపు పేటలను శోధించి, 1984లో ఒక వ్యాసము ప్రకటించిరి. గుడిసెలలో నున్నవారు పెక్కుమంది సొంతదారులు కారు, అద్దెదారులని అందు చూపిరి. ఈ భేద మెరుగక పథకము వేసినచో మేలు గుడిసె యజమానికి చేరును. అద్దెదారు వీథిని పడును.

విశాఖను గూర్చి ఆయన శశికుమార్‌తో కలిసి 2000లో మరియొక వ్యాసము వ్రాసిరి. నగరము వృద్ధి పొందినది, పేదరికము తగ్గినది. కాని కూలివానికి స్థిరమైన పని కొరవడినదని దాని సారాంశము. సంపాదించువాడు మంచము పట్టెనా, కుటుంబము మరల క్రుంగిపోవును.

దీనినుండి నేను గ్రహించినది ఒక్కటే. ఇల్లనగా నాలుగు గోడలు మాత్రమే కాదు. పనికి దగ్గర, నీటికి దగ్గర, వైద్యునికి దగ్గర. ఊరి పొలిమేరలో ఇల్లిచ్చి, పని నడిబొడ్డున నుండనిచ్చినచో కూలిలో కొంత బస్సు ఛార్జీలకే చెల్లును. పట్టా చేతనున్నను పొయ్యిలో పిల్లి లేవదు.

ఆ పండితులకు ఈ జ్ఞానము ఇంటింటికి పోయి అడుగుటవలన కలిగినది. ఆ పని మనమును చేయగలము. పండుగకు ఊరు వచ్చిన ప్రతి వలస కుటుంబమును, అద్దె యెంత, పని యెంత దూరము, పట్టా యెవరి పేర నున్నదని అడిగి, గ్రంథాలయమున ఒక పుస్తకములో వ్రాసి యుంచుడు. ఇంటి పథకముల దరఖాస్తులు చదువురానివారికి చదివి వినిపింపుడు. రేపు పట్నము పోవు కుర్రవానికి ఆ పుస్తకమే దారి చూపును.